బల్బు ఆరిందాకా

అన్నపర్రు,
అక్టోబరు, దసరా వెళ్ళిన వారం.

చిరంజీవి ఉదయశ్రీకి,

వదిన రాజేశ్వరి ఆశీస్సులు. ఉత్తరం చూసి గుండెలు బాదుకోకు, ఇంట్లో అందరం గుండ్రాళ్ళలా ఉన్నాం. చేతిలో ఫోను పెట్టుకుని ఈ కాగితాలేంటి అనుకుంటావని తెలుసు. మన ఇంట్లో ఫోను సంగతి నీకు తెలియనిదా! మీ అన్నయ్య స్పీకరు పెట్టందే మాట్లాడడు, మీ అమ్మ చెవులు రిక్కించందే ఊరుకోదు. వాట్సాప్‌లో పెడదామంటే నా ఫోను ఇంటిల్లిపాదిదీను. అందుకని పోస్టాఫీసు కరీమున్‌ని బతిమాలుకున్నాను. నీ జవాబు వస్తే నా చేతికే ఇస్తానంది.

విషయమేమిటంటే, మీ అన్నయ్యకి కొత్త పిచ్చి పట్టింది. నీళ్ళలోంచి గ్యాసు తీస్తాడట. మిరపతోటకి వాగులోంచి నీళ్ళు తోడే డీజిలు ఇంజను ఉందిగా, దాని గాలిగొట్టంలోకి ఆ గ్యాసు వదిలితే డీజిలు సగమే తాగుతుందని ఫోనులో ఎవడో చూపించాడు. ఇంకేముంది, కొట్టుగదిలో మకాం పెట్టాడు. పాత ఇన్వర్టరు విప్పి ట్రాన్స్‌ఫార్మరు లాగాడు. దానికి నాలుగు కాళ్ళ నల్లబిళ్ళ ఒకటి తగిలించాడు, బ్రిడ్జి రెక్టిఫయరు అంటారట. దాని వెనకాల గ్లాసంత కెపాసిటరు. అక్కణ్ణుంచి రెండు తీగలు ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళలోకి. ఆ నీళ్ళలో స్టీలు రేకులు. రేకుల కోసం ఏం చేశాడో తెలుసా? మా పెళ్ళికి చదివించిన కంచాలు కత్తిరించాడు. నువ్విచ్చిన కంచం కూడా పోయింది. ఇప్పుడు 'ఉదయశ్రీ' ప్లస్సు వైపు మునిగి ఉంది, 'కానుక' మైనస్సు వైపు మునిగి ఉంది.

నువ్వు కాలేజీలో ఫిజిక్సు చెప్తావు కదా, నిన్ను కొన్ని సందేహాలు అడగమన్నాడు. నీళ్ళలో ఉప్పు వేస్తే బుడగలు బాగానే వచ్చాయి గానీ నీళ్ళు తుప్పు రంగుకి తిరిగాయి. గదంతా ఒకటే వాసన. మీ అమ్మ గుమ్మంలోంచి "పంచాయితీవాళ్ళు బావిలో బ్లీచింగు కొట్టారా ఏంటే?" అని అరిచింది. పైగా కెపాసిటరు పెట్టక ముందు పన్నెండు చూపించిన మీటరు, పెట్టాక పదహారు దాకా చూపిస్తోంది. లేని ఓల్టేజీ ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చిన గ్యాసుని బెలూనులో పట్టి దాచుకోవచ్చా?

మీ అన్నయ్యతో మాత్రం ఈ ఊసెత్తకు. సగంలో ఉన్న పని గురించి అడిగితే ఆయన అభిమానపడతాడు.

నీ వదిన,
రాజేశ్వరి


ఒంగోలు,
అక్టోబరు నెలాఖరు.

వదినమ్మ గారి దివ్య సముఖానికి,

స్టాఫ్‌రూములో నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. పక్కన కెమిస్ట్రీ మేడమ్ మంచినీళ్ళు ఇచ్చింది. ఇంటర్‌లో ఫిజిక్సు రెండుసార్లు తన్నేసిన నా అన్నయ్య, ఫ్యూజు పోతే లైన్‌మన్ గౌస్ బాషా వచ్చేదాకా చీకట్లో విసనకర్రతో కూర్చునే నా అన్నయ్య, రెక్టిఫయరు కడుతున్నాడా! నా కంచం పోయినా పరవాలేదు, ఈ వార్త దానికంటే విలువైనది.

నవ్వు ఇక్కడితో ఆపుతున్నాను. ఇక నేను చెప్పేది ఆయనకి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పు.

ఉప్పు వెయ్యొద్దు. ఉప్పు వేస్తే వచ్చేది క్లోరిన్, ఆ బ్లీచింగు వాసన అదే. స్టీలు తిని వచ్చిన ఆ తుప్పు నీళ్ళు విషం. కరివేపాకు చెట్టు మొదట్లో పొయ్యనివ్వకు. ఓల్టేజీ పెరగడం తప్పు కాదు. మన కరెంటు కెరటంలా లేస్తూ పడుతూ వస్తుంది. మీటరు చూపించేది సగటు లాంటిది. కెపాసిటరు కెరటం కొసదాకా నిండి అక్కడే నిలబడుతుంది, అందుకని పదహారు. బెలూను మాట మాత్రం ఎత్తొద్దు. ఆ గ్యాసులో హైడ్రోజను, ఆక్సిజను రెండూ కలిసే వస్తాయి. దాన్ని నిలవ చెయ్యడమంటే బాంబు చేసి అటక మీద పెట్టుకోవడమే. కొట్టుగదిలోంచి ఆరుబయటికి మార్చమను. గ్యాసు వచ్చే గొట్టాన్ని సగం నీళ్ళున్న సీసాలోంచి పోనిమ్మను, మంట వెనక్కి తన్నితే ఆ నీళ్ళు ఆపుతాయి.

అన్నిటికంటే నాకు భయం ఆ కెపాసిటరంటే. అది కుండ లాంటిది వదినా. పైపు కట్టేసినంత మాత్రాన కుండలో నీళ్ళు పోతాయా? మన పల్లెల్లో అందరికీ ఒకటే లెక్క, కరెంటు పోయిందంటే ఇక ధైర్యంగా చెయ్యి పెట్టొచ్చని. దీని దగ్గర ఆ లెక్క పనికిరాదు. బండి ఇండికేటరుకి వేసే చిన్న బల్బు ఒకటి తెచ్చి దాని రెండు కాళ్ళకీ కట్టమను. స్విచ్చి తీశాక ఆ బల్బు మెల్లగా మసకబడి ఆరుతుంది. ఆరిందాకా చెయ్యి పెట్టొద్దు. పని చేసేటప్పుడు ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టమను.

చివరిగా ఒక చేదు మాట. డీజిలు మిగలదు. గ్యాసు తియ్యడానికి పెట్టిన కరెంటు కంటే ఆ గ్యాసు ఇచ్చేది ఎప్పుడూ తక్కువే. బావిలో తోడి బావిలోనే పోసినట్టు, మధ్యలో ఒలికింది నష్టం. ఇది మాత్రం మెల్లగా చెప్పు, మనసు కష్టపెట్టుకుంటాడు.

నీ ఆడపడుచు,
ఉదయ


అన్నపర్రు,
నవంబరు, దీపావళి వెళ్ళాక.

ఉదయా,

నీ ఉత్తరం కరీమున్ నా చేతికే ఇచ్చింది. "ఆడపడుచు ఉత్తరానికి ఇంత ఎదురుచూసే వదినని నేను చూళ్ళేదమ్మా" అని నవ్వింది.

ఉప్పు మానేసి వంటసోడా వేశాక నీళ్ళు తేటగా ఉన్నాయి, వాసనా లేదు. సామానంతా పెరట్లో చింతచెట్టు కింద రేకుల పంచలోకి మారింది. సీసా కూడా పెట్టాం. మొన్న గొట్టం చివర సబ్బునీళ్ళలో ముంచి, నురగ కట్టనిచ్చి, గొట్టం పక్కకి తీసేసి, ఆ నురగకి పొడుగాటి అగరొత్తి ముట్టించాడు. ఢామ్మని పేలింది! గుప్పెడు నురగ అంత చప్పుడు చేస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి. దీపావళి రోజులు కాబట్టి సరిపోయింది. మీ అమ్మ పక్కింటివాళ్ళని "ఏమ్మా, ఇంకా అయిపోలేదా మీ టపాకాయలు? గొడ్లు బెదురుతున్నయ్" అని తిట్టి పడుకుంది.

డీజిలు సంగతి నువ్వు చెప్పకముందే తేలింది. నీళ్ళలో బోర్లించిన లీటరు సీసా గ్యాసుతో నిండడానికి కుండెడు అన్నం ఉడికేంతసేపు పట్టింది. ఇంజను దాన్ని ఒక్క గుక్కలో తాగేస్తుంది. అయినా పని ఆపాలనిపించడం లేదు. సూది మొనంత మంట, నీళ్ళలోంచి వచ్చిన మంట, ఒక్కసారి కళ్ళారా చూడాలి అంతే. కెపాసిటరు పెట్టాక బుడగలు ఎంత నిదానంగా, ఎంత సమంగా వస్తాయో చూశావా ఎప్పుడైనా? చూస్తుంటే పొద్దు తెలియదు.

బల్బు ఇంకా కట్టలేదు. మెకానిక్కుని అడిగితే ఎందుకు ఏమిటి అని ఊరంతా టాంటాం వేస్తాడు.

ఉంగరం, వాచీ తియ్యమన్నావు. మరి మట్టిగాజులు పరవాలేదా? మెళ్ళో గొలుసు తియ్యకుండా పమిట చాటున దోపుకుంటే సరిపోతుందా? ఈ రెండూ అడగమన్నాడు.

నీ వదిన


ఒంగోలు,
నవంబరు.

వదినా,

మా అన్నయ్య ఎప్పట్నుంచి మట్టిగాజులు వేసుకుంటున్నాడు? పమిట కూడా వేస్తున్నాడా?

ఎంత మొద్దుని నేను! మొదటి ఉత్తరంలోనే కనిపెట్టాల్సింది. పన్నెండు పదహారైంది ఎందుకని అడగడానికి మా అన్నయ్యకి మీటరు పట్టుకోవడమన్నా రావాలిగా. నువ్వు అబద్ధం చెప్పినందుకు నాకు కోపం లేదు. కాదు, ఉంది. నాకు చెప్పొచ్చుగా? నేనేం పరాయిదాన్నా? వదినా అని పిలుస్తాను గానీ నిన్నెప్పుడైనా అలా చూశానా?

దానికంటే భయం ఎక్కువగా ఉంది. మన ఇంట్లో కరెంటంటే ఏమిటో నీకు తెలుసు. అమ్మ తమ్ముడు, మా యలమంద మామయ్య, మోటారు స్టార్టరు దగ్గర పోయాడు. మంచం మీద మోసుకొచ్చినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. అమ్మ ఆ రోజునుంచి ఈ రోజు దాకా స్విచ్చి వెయ్యదు, కొంగు అడ్డం పెట్టుకుని కూడా వెయ్యదు. నీకేమన్నా అయితే మా అమ్మ మళ్ళీ లేవదు. నేనూ లేవను.

నేను సెలవులకి వచ్చేదాకా ఆ సామాను ముట్టుకోకు. నా మాట వినవని తెలుసు కాబట్టి ఇదీ చెప్తున్నాను. బల్బు కట్టు. మట్టిగాజులు పరవాలేదు, బంగారం పనికిరాదు. గొలుసు తీసి పక్కన పెట్టు. సూత్రాలు తియ్యకూడదంటావేమో, అయితే వీపు మీదికి వేసుకుని జాకెట్టులోకి దోపి పిన్ను పెట్టుకో. ముందుకి వేలాడితే మాత్రం ఊరుకోను.

ఉదయ


అన్నపర్రు,
డిసెంబరు.

ఉదయా,

దొరికిపోయాను. నీ ఉత్తరం పెరట్లో నిలబడి చదివి ఒక్కదాన్నే నవ్వాను, తరవాత కాస్త ఏడ్చాను.

చీరాలలో మా నాన్న రోశయ్యకి రేడియో రిపేరు కొట్టు ఉండేదని నీకు తెలుసు. ఆ కొట్లో సోల్డరింగు వాసనే నాకు ఉగ్గుపాలు. బడి వదలగానే అక్కడికే పోయేదాన్ని. రేడియో గుర్రుమంటుంటే "అమ్మాయ్, ఏం పోయిందో చెప్పు" అనేవాడు నాన్న. "కెపాసిటరు నాన్నా" అనేదాన్ని. మార్చగానే ఆ గుర్రు ఆగిపోయి పాట ఒక్కటే మిగిలేది. ఆ క్షణం కోసమే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక మన ఇంట్లో అడుగు పెట్టిన మొదటి వారం మిక్సీ ఆగిపోతే విప్పబోయాను. అత్తయ్య కేక వేసి, చెయ్యి పట్టుకుని లాగి, వణికిపోయింది. అప్పుడే యలమంద మామయ్య సంగతి చెప్పింది. అంత భయపడే మనిషి ముందు మళ్ళీ స్క్రూడ్రైవరు పట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇన్నేళ్ళూ మానేశాను.

ఈ ఏడు మీ అన్నయ్య ఇంజను దగ్గర డీజిలు డబ్బాలు మోస్తుంటే చూసి, ఆ వీడియో చూసి, చెయ్యి ఊరుకోలేదు. ఆయనకి చెప్తే అత్తయ్యకి చెప్తాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా. నీకు చెప్తే నువ్వు ఆపుతావు. అందుకని నెపం ఆయన మీద వేశాను. పోనీలే, అలాగన్నా ఆయనకి ఫిజిక్సు వచ్చింది.

జాగ్రత్తగానే ఉన్నాను. కంగారుపడకు.

నీ వదిన


ఒంగోలు,
జనవరి.

వదినా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేక చాలా రోజులైంది. కాలేజీలో డ్యూటీ పడి సంక్రాంతికి నేనూ రాలేకపోయాను. నిన్న అమ్మ ఫోను చేసింది. తనంతట తనే చేసింది, అదీ పక్కింటివాళ్ళ ఫోను నుంచి. అప్పుడే ఏదో జరిగిందనుకున్నాను.

నువ్వు తలంటుకున్న శుక్రవారం సూత్రాలకి పసుపు రాస్తూ చూసిందట. మెట్టినింటి సూత్రం మీద నల్లమచ్చ, పెసరబద్దంత గుంట. "బంగారానికి మచ్చ ఎందుకు పడుద్దే? నా కొడుక్కి ఏదో రాసిపెట్టి ఉంది. రాజీకి చెప్తే తల్లడిల్లుద్దని చెప్పలేదు, నువ్వూ చెప్పమాక" అని ఏడ్చింది. శనివారాలు ఉపవాసం ఉంటోందట. కోటప్పకొండకి మొక్కుకుందట. అన్నయ్యని ఇంజను దగ్గరికి పోనివ్వడం లేదట, ఆ బ్యాటరీ స్ప్రేయరు కూడా భుజానికి తగిలించుకోనివ్వడం లేదట, "అందులోనూ కరెంటే గదా" అని. తోటకి నల్లతామర పురుగు పట్టి ఉందట గదా?

ఆ మచ్చ దేనివల్ల వచ్చిందో నాకు తెలిసిపోయింది. నువ్వు బతికే ఉన్నావని అమ్మ గొంతులోనే తెలిసింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను. లేకపోతే ఈపాటికి బస్సెక్కేదాన్ని.

అమ్మకి నేను చెప్పను వదినా. చెప్పి ఒక్క మాటలో ఆమె భయం తీర్చగలను, కానీ ఆ మాట నీ నోట రావాలి. ఆమె నీకు చెప్పకుండా నిన్ను కాపాడాననుకుంటోంది. నువ్వు ఆమెకి చెప్పకుండా ఆమెని కాపాడాననుకుంటున్నావు. మధ్యలో తోట ఎండిపోతోంది. త్వరగా చెప్పు.

నీ ఉదయ


అన్నపర్రు,
ఫిబ్రవరి.

ఉదయా,

చెప్పేశాను! ముందు ఆ మాట రాసేసి, నిమ్మళంగా మొదటినుంచి చెప్తాను.

అది జరిగింది డిసెంబరు నెలాఖర్లో. ఆ రోజు బుడగలు నిదానంగా వస్తున్నాయి. గొట్టం చివర ఇంజక్షను సూది పెట్టి ముట్టించాను. వచ్చింది ఉదయా! మల్లెమొగ్గంత మంట, పగటి వెలుగులో కనీ కనపడనట్టు. గుండుసూది పెడితే కొస ఎర్రగా కాలి ముద్దయిపోయింది. గంతులెయ్యాలనిపించింది. ఇక ఆపేద్దామని బుద్ధిగా గ్యాసు డబ్బా తీగలు ముందు పీకేశాను, అదే జాగ్రత్త అనుకుని. ఇంతలో కరెంటు పోయింది. ఆ డబ్బా ఉండి ఉంటే కెపాసిటరులో మిగిలిందంతా అది తాగేసేదే. తీగ పీకడంతో నువ్వన్న కుండ నిండుగా నిలబడిపోయింది. బల్బు లేదు. నువ్వు చెప్పిన పిన్నూ లేదు. కరెంటు పోయిందిలే అని కెపాసిటరు మీదికి వంగాను. నువ్వు చెప్పిన మాట గుర్తుండి కూడా వంగాను. పమిట చాటున ఉన్న గొలుసు జారి, సూత్రాలు రెండూ సరిగ్గా దాని రెండు కాళ్ళ మీద పడ్డాయి. ఫట్ మని తెల్లటి మెరుపు. నాకేం కాలేదు. సామానంతా అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశాను. కుంకుడు రసం పెట్టి తోమితే మసి పోయింది గానీ గుంట పోలేదు. పసుపు మెత్తి కప్పేశాను. కప్పేశాననే అనుకున్నాను.

అత్తయ్య ఉపవాసాలు చేస్తుంటే మోకాళ్ళ నొప్పులకి మొక్కుకుందేమో అనుకున్నాను. మీ అన్నయ్య రోజూ వరండాలో కూర్చుని విసుక్కునేవాడు, "ఇదేం గోలే? పురుగు తోటంతా తినేస్తంటే మందు కొట్టనివ్వదు. నన్నేమన్నా గాజుబొమ్మ అనుకుంటందా మా అమ్మ!" అని. నీ ఉత్తరం చదివాక గానీ నాకు సంగతి అర్థం కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నా సరదాకి ఆ పెద్దావిడ కడుపు మాడ్చుకుంటోంది.

ఆ రోజు శనివారం. పెరట్లో సామానంతా తట్టలో వేసుకుని, వరండాలోకి తెచ్చి, అత్తయ్య ముందు పెట్టాను. మీ అన్నయ్య తలెత్తి చూశాడు. 

"అత్తయ్యా, సూత్రం మీద మచ్చ దేవుడు పెట్టింది గాదు. నేను పెట్టింది" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. "ఎవరు చెప్పారే నీకు? ఉదయ చెప్పిందా?"

"ఎవరు చెబితే ఏముంది? ఇదుగో, దీని మీద పడింది సూత్రం. కరెంటు కొట్టింది."

అత్తయ్య ఆ తట్ట వంక చూసింది, నా మెడ వంక చూసింది. నా చెంప పగులుద్దని కళ్ళు మూసుకున్నాను.

"కరెంటా?" అంది. "ఒట్టి కరెంటేనా?"

"ఒట్టి కరెంటే."

"అమ్మయ్య!" అంది ఉదయా. మీ అమ్మ, స్విచ్చి వంక కన్నెత్తి చూడని మనిషి, కరెంటని తెలిసి అమ్మయ్య అంది! "కరెంటేనంట్రా కృష్ణా! నీకేం గాదురా! నేనింకేందో అనుకుని చచ్చాను గదరా" అని మీ అన్నయ్య తల పట్టుకుని నిమిరింది. ఆయనకి తలా తోకా తెలియక, "నాకేం గాదు గానీ ముందు అన్నం తినవే అమ్మా" అన్నాడు.

ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఆగిపోయింది. నా వైపు తిరిగింది. "అంటే... వాడికి గాదు. నీకా? నువ్వు పోయేదానివా?" అంది. అప్పుడు పడ్డాయి ఉదయా, వీపు మీద రెండు. కొట్టిన చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుంది. "నా తమ్ముణ్ణి తింది చాల్లేదా దానికి? ఇంట్లో వాడొక్కడే ఉన్నాడా పోతే ఏడవటానికి? నువ్వు లేవా?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళలో నన్నెవరూ అంత గట్టిగా పట్టుకోలేదు. నేనూ ఏడ్చాను. నెలల తరబడి గుండెల మీద ఉన్న బండ దిగిపోయి, ఒళ్ళు దూదిపింజలా అయింది.

సద్దుమణిగాక మీ అన్నయ్యకి అంతా చెప్పాను. తన పేరు మీద ఉత్తరాలు రాశానన్నాను. "నేను రెక్టిఫయరు కట్టానంటే ఉదయ నమ్మిందా?" అన్నాడు. నమ్మి నవ్విందన్నాను. "అయితే పూర్తిగా నమ్మలేదులే" అని తేల్చేసి, "ఇంజనుకి పనికి రాదంటే రాదు. మరి ఆ నల్లబిళ్ళలు దేనికన్నా పనికొస్తయ్యా?" అని అడిగాడు. తిట్టలేదు ఉదయా. అటక మీదెక్కి పోయిన ఏడాది కాలిపోయిన స్ప్రేయరు ఛార్జరు తెచ్చి నా ముందు పెట్టాడు. దాంట్లో ఉన్నదీ అదే, బ్రిడ్జీ, కెపాసిటరూ. ఊళ్ళో ఓల్టేజీ దెబ్బకి సగం మంది ఛార్జర్లు కాలిపోయే ఉన్నాయి. పురుగు పట్టే రోజుల్లో ఛార్జరు పోతే స్ప్రేయరు మూల పడినట్టే.

అత్తయ్య ఒప్పుకుంటుందా? "గౌస్ బాషా చూసి చెప్పాల" అంది. గౌస్ బాషా వచ్చి సామాను అటూ ఇటూ తిప్పాడు. "కట్టటం బానే కట్టిందమ్మా. దీనికి బల్బు కట్టకపోటమే తప్పు. నేను కూడా ఒకసారి చెయ్యి కాల్చుకున్నా" అని తన బండి డిక్కీలోంచి పాత ఇండికేటరు బల్బు తీసి ఇచ్చాడు. అడిగితే వచ్చేదాని కోసం నేనెంత తంటా పడ్డానో చూడు. గ్యాసు డబ్బాని మాత్రం అత్తయ్య ఉంచనివ్వలేదు, మంట చూశావుగా, చాల్లే అంది. రేకులు కడిగి ఇచ్చాను. 'ఉదయశ్రీ' రేకు మీద ఇప్పుడు కోళ్ళకి నూకలు పోస్తోంది. నీకు కోపం వస్తే ఆవిడతోనే తేల్చుకో.

గొలుసుకి కూడా దారి చెప్పింది. బల్ల ముందు కూర్చున్నంతసేపూ బంగారం తీసి దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడు కట్టుకోమంది. "పసుపుకొమ్ముకి కరెంటు పట్టదుగా?" అని గౌస్ బాషాని అడిగి మరీ. మచ్చ పడిన సూత్రం మార్పిద్దామంటే, వద్దు, ఉండనీ అంది.

మీ అన్నయ్య తోటకి వెళ్తున్నాడు. రెండు దఫాలు మందు పడ్డాక చిగుళ్ళు విప్పారాయి. కొంత పోయింది, చాలావరకు నిలిచింది. కళ్ళంలో మొదటి కోత కాయలు ఆరబోశాం.

నా బల్ల ఇప్పుడు వరండాలోనే ఉంది, దారిన పోయేవాళ్ళందరూ చూసేలాగా. ఛార్జరు కట్టి చూసి స్విచ్చి తియ్యగానే అత్తయ్య ఎక్కడున్నా వచ్చేస్తుంది. బల్బు పచ్చగా, ఎర్రగా అయి మెల్లగా ఆరుతుంది. ఎంతోసేపు కాదు, ఒక గుటక మింగేంత. అంతసేపూ నా మణికట్టు పట్టుకుని నిలబడుతుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా.

"ఆరిందా?" అంటుంది.

"ఆరింది అత్తయ్యా."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూస్తాను. అప్పుడు వదులుతుంది.

నీ వదిన,
రాజేశ్వరి